చెంచా కాడ

ఆరువందల డాలర్లు.
బంగాళాదుంపల కొట్టంలో, కోళ్ళు రెట్టలేసిన సీటు మీద
చెయ్యి ఆనించి మరీ బేరమాడాను.
"ఇంజను తిరుగుతుందా?"
"తిరిగేది," అన్నాడు వెస్టర్‌బర్గ్
భూతకాలాన్ని గట్టిగా నొక్కి.
అబద్ధమాడే మనిషి కాదు.

స్కూలు బస్సు నడుపుతాను నేను.
వేసవొస్తే నలభై మంది పిల్లల అరుపులు ఆగిపోయి
చెవులకు తోచదు.
అంతకు మించి కారణమేమీ లేదు,
మా అక్క హెల్మి ఎన్నిసార్లు అడిగినా.

పక్కింటి రూడీ పెల్కోనెన్ కాఫీ కప్పుతో వచ్చి
సంతలో పశువును చూసినట్టు చుట్టూ తిరిగాడు.
పళ్ళొక్కటే చూడలేదు.
"ఎనభైమూడు మోడలు. మా మూడో అమ్మాయి ఈడుది.
అదీ అంతే, పొద్దున్నే ఓ పట్టాన లేవదు."

ఎయిర్ ఫిల్టరు పెట్టె విప్పితే ఎలుక కాపురం.
దూది, ఎండుగడ్డి, ఎవరిదో పన్ను రసీదు ముక్కలు.
పిల్లల్ని వెంటబెట్టుకుని ఎటో పోయినట్టుంది,
పక్క బట్టలు దులపకుండానే.

నాలుగు కార్బ్యురేటర్లు,
నాలుగింటికీ నాలుగు రోగాలు.
పాత పెట్రోలు ముదురుపాకమై పేరుకుపోయింది.
వంటబల్ల మీద దుప్పటి పరిచి, అన్నీ విప్పి,
గిటారు సన్న తీగతో జెట్ల కంతలు పొడిచాను.
దీపానికెదురుగా పట్టి చూడటం,
మళ్ళీ పొడవటం,
సూది మొనంత వెలుగు ఇవతలికి వచ్చేదాకా.
ఆ నెల నా అన్నంలో కూడా పెట్రోలు వాసనే.

ఎడమవైపు సామాన్ల పెట్టె ఊడదీస్తే
బ్రాకెట్టు ఉండాల్సిన చోట
చెంచా కాడ.
వంకీ తిప్పి, రెండు కన్నాలు పొడిచి, బోల్టు బిగించి ఉంది.
చివర్న ఇంకా చెరగని పువ్వుల నగిషీ.
ఒళ్ళు మండింది నాకు.
ఎవడు వీడు, సిగ్గులేనివాడు!
రూడీ నవ్వలేదు.
"పట్టుకునే ఉంది కదా," అన్నాడు.
తీసి చెత్తబుట్టలో పడేశాను.
కొత్త బ్రాకెట్టు తెప్పించాను, నలభై డాలర్లు.
ఆ రోజుతో విడిభాగాల లెక్క బండి వెల దాటింది.
లెక్క రాయడం మానేశాను.
హెల్మికి మాత్రం ఇప్పటికీ ఆరువందలే చెబుతాను.

జూలైలో ఒక మధ్యాహ్నం
బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.
మళ్ళీ నొక్కాను. ఒక దగ్గు.
నల్లటి పొగ, దాని వెనక ఇంకో దగ్గు,
ఆ తర్వాత
మూత పెట్టిన కుండలో నీళ్ళు మరుగుతున్నట్టు
నెమ్మదిగా, ఆగకుండా.
రూడీ కాఫీ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు.
కప్పు ముందే బీటలిచ్చిందని ఒట్టేశాడు.
నేనేమీ ఏడవలేదు.
ఆ చేతులతో కళ్ళు తుడుచుకోవడం కుదరదు.

సుపీరియర్ సరస్సు చుట్టూ ఒక ప్రదక్షిణం,
కెనడా మీదుగా, పదమూడువందల మైళ్ళు.
వావా దాటాక వాన పట్టుకుంది.
గేరు మార్చబోతే కాలికింద ఏమీ తగల్లేదు.
కడ్డీని పట్టే పిన్ను ఏ మైలురాయి దగ్గరో
నాతో చెప్పకుండా దిగిపోయింది.
ముందూ వెనకా దేవదారు అడవి.
లారీ ఒకటి నామీద నీళ్ళు చిమ్మి పోయింది.
అన్నం డబ్బాలో ఫోర్కు ఉంది.
రాయి మీద పెట్టి, రాయితో కొట్టి,
ఒక పంటిని కంతలోకి దూర్చి వంచాను.
మిగతా మూడు పళ్ళు బయటికే ఇకిలిస్తూ ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చాడు సిగ్గులేనివాడు.
ఏ వానలో నిలబడ్డాడో,
ఎవరింటి చెంచా విరిచాడో.

ఇల్లు చేరాక చెత్తబుట్ట కుమ్మరించి వెతికాను.
లేదు.
మర్నాడు రూడీ గ్యారేజీకి గ్రీజు కోసం వెళ్తే
కిటికీకి కొత్త గడియ,
చివర్న పువ్వుల నగిషీ.

నేను అడగలేదు, తను చెప్పలేదు.
బయట గాలి గట్టిగా వీస్తోంది,
కిటికీ కదల్లేదు.